తొమ్మిది రోజుల పూత

తలుపు తెరవడానికి 41 రోజులు

ఈ పొద్దు సందుపెట్టెలో వేరుశనగ పొడి వచ్చింది. తెల్ల డబ్బా, మూత మీద మూడు సీళ్లు. బయటి వస్తువు ఏది లోపలికి రావాలన్నా గోడలోని ఆ పెట్టెలోంచే రావాలి. అటు తలుపు మూసుకున్నాకే ఇటు తలుపు తెరుచుకుంటుంది. కొండ లోపల తొలిచి కట్టుకున్న మా కొండగూటికి ముప్ఫై నాలుగేళ్లుగా బయటి ప్రపంచమంటే ఆ మూరెడు పెట్టే.

నేను బువ్వగది అశ్వర్థమ్మను. గూటిలో పుట్టిన ప్రతి బిడ్డకూ తొలి ముద్ద పెట్టేది నేనే, ఏ పూట ఏం పెట్టానో ఈ పుస్తకంలో రాసేదీ నేనే. ఇన్నాళ్లూ రాయడానికి పెద్దగా ఏముంది? తొట్లలో పెరిగిన నాచు గుజ్జు, దీపాల కింద పండిన రాగుల సంగటి, మళ్లీ నాచు గుజ్జు. ఇప్పుడు మాత్రం చేతినిండా రాత పడింది.

కొండలో ఊట ఎండిపోతోంది. బయట ధూళి ఏళ్లు అయిపోయి పంటలు వస్తున్నాయట. అందుకని నలభై ఒక్క రోజుల్లో పెద్ద తలుపు తెరుస్తున్నారు, మూడొందల మందిమీ వెళ్లిపోవాలి. చిక్కల్లా ఒకటే. బయట కనుచూపు మేర వేరుశనగ తప్ప వేరే పంట లేదు. మేం అడుగుపెట్టే నాటికి కాయ కొడుతుంటారు, గాలినిండా దాని పొట్టే. రెండు నెలల కిందట దారి చూడమని పన్నెండు మందిని, మనుషులు దాటే సందుగదిలోంచి పంపాం; పెద్ద తలుపు తెరిచేదాకా వాళ్లు తిరిగి రావడానికి లేదు. ఎవరో ఆదరంగా పిలిచి చట్నీతో సంగటి పెట్టారు. ఇద్దరికి గొంతులు వాచిపోయాయి. ఒకడు బతికాడు. గంగులప్ప బతకలేదు.

గోడ ఫోనులో బయటి డాక్టరు నస్రీన్ గంటసేపు చెప్పింది. నాలుగో నెల దాటిన పసిబిడ్డలకు ఇప్పుడే తినిపించడం మొదలుపెడితే ఒళ్లు దాన్ని తిండిగానే ఎంచుతుందట, పగ పట్టదట. పదకొండో నెల దాటకముందే మొదలుపెట్టాలి, వారానికి మూడుసార్లు మానకుండా పెట్టాలి. పొడిని పాలలో పలచగా కలిపి చెంచా కొనతో నాకించి, పది నిమిషాలు చూసి, తర్వాత మిగతాది. గింజ మాత్రం ఎన్నడూ పెట్టకూడదు, గొంతుకు అడ్డం పడుతుంది.

"ఒంటి మీద చర్మం బాగా పగిలిన పిల్లలెవరైనా ఉన్నారా అశ్వర్థమ్మగారూ?" అని అడిగింది.

గూటిలో ఆ వయసు బిడ్డలు తొమ్మిది మంది ఉన్నారు. అందులో నింగికి బుగ్గలూ మోచేతి మడతలూ ఎర్రగా పగిలి ఉన్నాయి. నింగి నా తమ్ముడి మనవరాలు. ఉందని చెబితే ఆ ఒక్కదాన్నీ పక్కన పెడతారని భయమేసింది. "అందరూ బాగానే ఉన్నారమ్మా" అన్నాను.

మధ్యాహ్నం పూత మొదలుపెట్టాను.

తలుపు తెరవడానికి 39 రోజులు

పూత గురించి ఈ పుస్తకంలో ఎవరూ ఎప్పుడూ వివరంగా రాయలేదు. నీళ్లు కాచి తాగాలని ఎవరైనా పుస్తకంలో రాసుకుంటారా? ఇదీ అంతే. గూడు కట్టిన రెండో ఏడాది ఒక తొట్టిలో నాచు విషమై పద్నాలుగు మంది పోయారు. అప్పుడు బువ్వగది చూసే మా అమ్మ ఒక నియమం పెట్టింది. కొత్త తిండి ఏదైనా ముందు ఒంటికి, తర్వాతే నోటికి. తొమ్మిది రోజులు పూత పూసి, మచ్చ గానీ మంట గానీ లేకుంటేనే నాలుక మీద పెట్టాలి. ఆ తర్వాత తిండి వల్ల గూటిలో ఒక్క ప్రాణం పోలేదు. డాక్టరమ్మ దీని గురించి చెప్పలేదు, నేనూ అడగలేదు.

పొడిని నీళ్లతో కలిపి నలుగులా చేసి, స్నానానికి ముందు తొమ్మిది మందికీ నా చేత్తోనే రుద్దుతున్నాను. వేరే ఎవరికీ అప్పజెప్పలేదు. తల్లులు రుద్దితే ఇక్కడ కాస్త అక్కడ కాస్త పూసి అయిపోయిందంటారు.

నింగి తల్లి కావేరి పక్కనే కూర్చుని చూసింది. నా తమ్ముడి కూతురు, మాట తక్కువ. చివరికి అడిగింది.

"పగిలిన చోట కూడా రుద్దల్నా అత్తా?"

"ఆడనే బాగా పట్టల్ల. లోపలికి ఇంగితే తొందరగా అలవాటైతాది" అన్నాను.

"ఏడుస్తాంది బిడ్డ."

"నీళ్లు పోసేటప్పుడు ఏడవని బిడ్డ యాడుంది? గమ్మునుండు."

రుద్దుతుంటే నింగి నా బొటనవేలు పట్టుకుని లాగింది. ఐదు నెలల పిల్లకు ఎంత బలమో.

తలుపు తెరవడానికి 35 రోజులు

పూత ఏడో రోజు. ఎనిమిది మంది నున్నగా ఉన్నారు.

నింగికి రుద్దిన కాసేపటికే వీపంతా దద్దుర్లు లేచాయి. ఒక్కోటి చింతగింజంత. కనురెప్పలు ఉబ్బాయి. గబగబా నీళ్లు పోసి కడిగేశాను. గంటన్నరకు తగ్గాయి. ఊపిరికి ఇబ్బంది రాలేదు.

నింగికి పూత ఆపాను. కారణం తెలియదు.

తలుపు తెరవడానికి 34 రోజులు

కూడలి గదిలో గూటి పెద్ద ఓబుళపతి అందరినీ పిలిచాడు. ఆయన చెడ్డవాడు కాదు. గంగులప్ప ఆయన అల్లుడు. ఆ కబురు విన్న కూతురు ముఖం చూసిన నాటి నుంచి ఎవరినీ వేరుశనగ పేరు ఎత్తనివ్వడం లేదు.

"ఆ బిడ్డ రకతంలోనే పడనిది ఏదో ఉండాది. అంటించుకుంటేనే ఇట్లయితే బయట గాలి పీల్చి బతుకుతాదా? తల్లీబిడ్డలు లోపలే ఉండనీ. పది మంది లోపు వాళ్లకు సరిపోయే నీళ్లు ఊటలో ఇంకా ఉండాయి. తిండి సందుపెట్టెలో పంపుదాం" అన్నాడు.

"ఎన్నాళ్లు పెద్దాయనా?" అంది కావేరి.

వెనక నుంచి ఎవరో, కడుపుతో ఉన్నప్పుడు పాత తొట్టి నాచు తినుంటాదిలే అన్నారు. ఇంకొకరు, బిడ్డ ఒళ్లు సరిగ్గా తుడవదంట అన్నారు. కావేరి తల దించుకుంది. మూడొందల మందీ వెళ్లిపోయాక ఈ చీకటి గదుల మధ్య ఒక పిల్ల, ఒక పసిగుడ్డు.

నింగికి ఒళ్లు పగలడం ముందే తెలిసి దాచింది నేను. నోరు విప్పలేదు. మిగతా ఎనిమిది మందికి పూత పాడవకూడదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అబద్ధం. నాకు భయమేసింది.

తలుపు తెరవడానికి 32 రోజులు

పూత ముగిసిన ఎనిమిది మందికీ ఉదయం తొలి చెంచా పెట్టాను. ఒకడు ఉమ్మాడు, ఒకతి ఇంకా కావాలని చెంచా కొరికింది. రెండు గంటలు కనిపెట్టుకుని కూర్చున్నాను. ఒక్కరికీ ఏమీ కాలేదు. ఎనిమిది పేర్ల ఎదుట టిక్కులు పెట్టుకుంటుంటే నింగి పేరు పక్కన ఖాళీ కనబడింది.

డాక్టరు ఫోను చేసింది. లెక్క చెప్పాను.

"తొమ్మిదో బిడ్డ?"

"ఆ బిడ్డకు పూతలోనే దద్దుర్లు వచ్చాయమ్మా, అందుకని ఆపాను."

"ఏం పూత?"

చెప్పాను. నలుగు, తొమ్మిది రోజులు, అంతా.

"ఆ బిడ్డ చర్మం పగిలి ఉందా?"

"ఉంది."

"మొదటినుంచీనా?"

"మొదటినుంచీ."

నస్రీన్ అరవలేదు. అరిచినా బాగుండేది. "నోటిలోంచి వెళ్లినదాన్ని ఒళ్లు చుట్టంగా చూస్తుంది అశ్వర్థమ్మగారూ. పగిలిన చర్మంలోంచి దూరినదాన్ని దొంగలా చూస్తుంది. మళ్లీ ఎప్పుడు ఎటునుంచి వచ్చినా తన్నడానికి సిద్ధంగా ఉంటుంది. మీరు ఏడు రోజులు దొంగదారిలో పంపారు" అంది.

"మిగతా ఎనిమిది మంది..."

"వాళ్ల చర్మం బాగుంది కాబట్టి బయటపడ్డారు. పూత పని చేసి కాదు."

మా అమ్మ నియమం విషాన్ని పట్టుకోవడానికి పెట్టింది. ఇది విషం కాదు, తిండి. ఆ తేడా నాకు తట్టలేదు. ముప్ఫై ఏళ్లుగా బువ్వగదిలో నన్ను మించినవాళ్లు లేరని విర్రవీగానే, ఒక్క మాట అడిగి ఉంటే ఏం పోయేది?

మూడు రోజుల కిందటి పేజీలో కారణం తెలియదు అని రాశాను. కారణం నేను.

తలుపు తెరవడానికి 31 రోజులు

సందుపెట్టెలో పరీక్ష సూదులు వచ్చాయి. చర్మం మీద వేరుశనగ సారం చుక్క వేసి, దానిమీద చిన్నగా గుచ్చి, పావుగంట తర్వాత లేచిన బుడిపెను కొలవాలి. నాలుగు మిల్లీమీటర్ల లోపు ఉంటే ఇంకా తినిపించే వీలుంది. అంతకు మించితే లేదు.

కావేరికి పరీక్ష అని మాత్రమే చెప్పాను. సూది చూడగానే బిడ్డను వెనక్కి లాక్కుంది. ఏం కాదని చూపడానికి ముందు నా చేతికే గుచ్చుకున్నాను, తర్వాత నింగికి.

పావుగంట. స్కేలు పెట్టి మూడుసార్లు కొలిచాను. నింగికి మూడున్నర.

నాకు పదకొండు.

చేయంతా మండుతూ పైకి పాకింది. సోడాతో గిన్నెలు తోమీ తోమీ నా అరచేతులు ఎప్పుడో పగుళ్లిచ్చాయి. తొమ్మిది మంది బిడ్డలకు రోజూ వట్టిచేతులతో రుద్దాను. అందరికంటే ఎక్కువ పూత పడింది నాకే. చీరకొంగు చేతిమీదికి లాక్కున్నాను.

డాక్టరుకు రెండు అంకెలూ చెప్పాను. "బిడ్డకు వెంటనే మొదలుపెట్టాలి, రెండు మూడు రోజుల్లో. ఆగినకొద్దీ ఆ బుడిపె పెరుగుతుంది. మామూలుగా అయితే ఇది నా కళ్లెదుట, ఆసుపత్రిలో జరగాలి. పెద్ద తలుపు తెరిచేదాకా లోపలికి ఎవరూ రావడానికి లేదు కాబట్టి ఫోనులో నేనుంటాను, అక్కడ మీరుండాలి. గొంతు వాస్తే ఇవ్వాల్సిన సూదులు రెండు పంపుతున్నాను. తల్లికి అంతా చెప్పండి. అంతా" అంది.

తలుపు తెరవడానికి 30 రోజులు

అందరి ముందూ అన్న నిందలకు చాటున చెప్పి ప్రయోజనం లేదు. ఓబుళపతిని అడిగి మళ్లీ అందరినీ పిలిపించాను. లేచి నిలబడి చెప్పాను. నింగి రక్తంలో ఏ దోషమూ లేదు, కావేరి ఏ పాచి నాచూ తినలేదు, బిడ్డను ఎవరికంటే తక్కువగా సాకలేదు. పగిలిన ఒంటికి వేరుశనగ రుద్దింది నేను. డాక్టరు ముందే అడిగితే దాచింది కూడా నేనే.

ఓబుళపతి మెల్లగా, "మీ యమ్మ పెట్టిన నియమం కదా అశ్వర్థా" అన్నాడు.

"మా యమ్మ చెప్పింది నాచుకు. వేరుశనగకు చెప్పింది నేను."

కావేరి బిడ్డను భుజాన వేసుకుని లేచి వెళ్లిపోయింది. నా వైపు చూడలేదు. మధ్యాహ్నం ఎనిమిది మందికి పెట్టాల్సిన చెంచాలు గ్లౌజులు తొడుక్కుని పెట్టాను. నాకు ఆకలి వేయలేదు.

తలుపు తెరవడానికి 29 రోజులు

ఉదయం కావేరి బువ్వగదికి వచ్చింది. నింగిని నా ఒళ్లో పెట్టలేదు, ఎదురుగా చాప మీద కూర్చుంది.

"పగిలిన చోట కూడానా అని అడిగినా. ఏం చెప్పినావు అత్తా?"

"ఆడనే బాగా పట్టల్ల అన్నా."

"ఆ మాట నీ నోట ఇంగొకసారి ఇనల్ల అనుకున్నా, అంతే." బిడ్డను ఒళ్లో సర్దుకుంది. "డాక్టరమ్మ ఏమంటాంది?"

ఏదీ దాచకుండా చెప్పాను. తినిపిస్తే ఒళ్లు దారికి రావచ్చు. తినిపించేటప్పుడే గొంతు వాయవచ్చు. తినిపించకపోతే బయటి గాలి ఆ బిడ్డకు జీవితాంతం గండమే.

"నువ్వైతే ఏం చేస్తావు?"

"నా మాట ఇంగ ఏంటికి అడుగుతావు కావేరీ?"

"అడుగుతాండా. చెప్పు."

"తినిపిస్తా."

కావేరి బిడ్డ నుదుటి మీద వెంట్రుకలు సర్దింది. "చెంచా నేను పట్టుకుంటా. సూది నువ్వు పట్టుకో. నీ చేతులు మాత్రం నా బిడ్డకు తగలకూడదు. సూది పొడిచేటప్పుడు తప్ప."

గోడ ఫోను తెరిచి ఉంచాను. నస్రీన్ గొంతు గదిలోకి వచ్చింది.

9:05. చెంచా కొనతో ఒక నాకుడు. నింగి మూతి ముడిచి, తర్వాత చప్పరించింది.

9:15. ఏమీ లేదు. పావు చెంచా.

9:25. ఏమీ లేదు. అర చెంచా.

9:38. గడ్డం మీద రెండు దద్దుర్లు. నస్రీన్ ఎన్నని అడిగింది. రెండే అన్నాను. ఆగమంది.

9:41. ఐదు. ఒకటి మెడ మీద.

9:44. నింగి దగ్గింది. ఒక్కసారే. సూది మూత తీసి చేత పట్టుకున్నాను.

"పాలు అడ్డం పడి దగ్గిందా, గొంతు వాచి దగ్గిందా, ఇక్కణ్నుంచి నాకు తెలియడం లేదు. బిడ్డను ఏడిపించండి. ఏడుపు బొంగురుగా ఉంటే వెంటనే పొడవండి" అంది నస్రీన్.

నింగి ఏడవలేదు. తల్లిని చూసి నవ్వింది. కావేరి దాన్ని ఒకసారి చూసి, తొడ మీద గట్టిగా గిల్లింది. తన కళ్లు మూసుకుని గిల్లింది.

గది అదిరిపోయేలా ఏడ్చింది నింగి. గొంతులో జీర లేదు, గరగర లేదు. కంచు మోగినట్టు ఏడ్చింది. ఇన్నేళ్లలో ఇందరు బిడ్డల ఏడుపు విన్నాను, ఏ ఏడుపుకూ నా కళ్లు ఇలా తడవలేదు.

"సూది దించండి," అంది నస్రీన్. "బాగుంది. ఇంకా ఎత్తుకునే ఉండండి."

9:58. దద్దుర్లు మూడు.

10:20. ఒకటి. తొడ మీద గిల్లిన మచ్చ మాత్రం ఎర్రగా ఉంది.

11:38. ఏమీ లేవు. నిద్రపోయింది. కావేరి రెండున్నర గంటలుగా కాళ్లు కదపలేదు. నీళ్లు ఇస్తే తీసుకోలేదు. నేను గది బయటికి వెళ్లాక తనే ముంచుకుని తాగింది.

తలుపు తెరవడానికి 12 రోజులు

నింగికి ఎనిమిదో చెంచా. ఒక్క దద్దురు కూడా రాలేదు. ఓబుళపతి వచ్చి గుమ్మంలో నిలబడి రెండు గంటలూ చూశాడు. వెళ్తూ వెళ్తూ, తల్లీబిడ్డల పేర్లు బయటికి పోయేవాళ్ల జాబితాలో రాసుకొమ్మన్నాడు. కొండపైన తూర్పు గూడు మా తర్వాత తెరుస్తారట. అక్కడి బువ్వగదికీ పూత నియమం ఉంది. ఈ పుస్తకం నకలు వాళ్లకు ఈ రోజే పంపాను, ఒక్క అక్షరం మార్చకుండా.

తలుపు తెరిచిన రోజు

పెద్దవాళ్లందరికీ సూది పరీక్ష చేస్తే నాలాంటి వాళ్లం ఐదుగురం తేలాం. బుడిపెలు ఎనిమిదికి పైన ఉన్నవాళ్లం. మేం లోపలే ఉండాలి. లోపలి గదిలో మూసిన గాజు వెనక నుంచి చూశాం.

తలుపు లేచింది. ఎర్రటి వెలుతురు, దాని వెంటే సన్నటి ధూళి లోపలికి పాకాయి. అందరూ ముక్కులకు గుడ్డలు కట్టుకున్నారు. పసివాళ్ల ముఖాలు మాత్రం డాక్టరమ్మ చెప్పినట్టు వదిలేశారు. గడప దాటగానే నింగి తుమ్మింది. ముందు నడిచేవాళ్లు ఆగిపోయారు. కావేరి కూడా ఆగింది. మళ్లీ తుమ్మింది. కావేరి వంగి దాని ఊపిరి విని, కొంగుతో ముక్కు తుడిచి, నడక సాగించింది. మలుపు తిరిగేదాకా చూశాను. గాజు మీద నా ఊపిరి పట్టి కొంతసేపు సరిగా కనబడలేదు.

తలుపు తెరిచాక 6వ రోజు

పెద్దవాళ్లకూ ఒక దారి ఉందట, కానీ చాలా పొడుగట. ఆవగింజలో పదోవంతు పొడి సంగటిలో కలిపి రోజూ తినాలి, నెలకింత పెంచుకుంటూ. ఏళ్లు పట్టవచ్చు, అసలు కుదరకపోవచ్చు. ఎవరో ఒకరు పక్కన కూర్చుని రెండు గంటలు కనిపెట్టాలి. ఎవరిని పంపమంటారని నస్రీన్ అడిగితే, ఎవరైనా పరవాలేదన్నాను.

ఈ పొద్దు ఎనిమిదికి సందుగదిలో చేతులు కడుక్కుని, బట్టలు మార్చుకుని వచ్చినది కావేరి.

"బిడ్డెట్లుంది?" అన్నాను.

"కాయ కొట్టేకాడ దుమ్ములో పొర్లుతాంది." ఎదురుగా కూర్చుని చెంచాతో చిన్న సంగటి ముక్క తీసింది. "నీ మీద కోపం పోలేదు అత్తా."

"తెలుసు."

"పోతాదో లేదో కూడా నాకు తెలీదు. నోరు తెరువు."

తెరిచాను. 8:10కి మింగాను. సూది తన ఒళ్లో పెట్టుకుని, మూత తీసి, నా ముఖంలోకే చూస్తూ కూర్చుంది. నేను ఇది రాసుకుంటున్నాను.

8:21. కింది పెదవి లోపల సన్నగా దురద. కావేరికి చెప్పాను. గడియారం చూసి, మాట్లాడు అత్తా, గొంతు ఇనల్ల అంది.